రెండో గీత

జనవరి 19, సోమవారం

ఓరల్స్‌కి సుజాత మేడమ్ ఇచ్చిన మాటలు మళ్ళీ మొదటి నుంచి. చదివితే నిలవట్లేదు. రాస్తే నిలుస్తాయేమో.

పెట్రోల్ — స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఆరుగురు గైడ్ల జట్టు. గుంపు అనకూడదట, మార్కు పోతుంది.

పెట్రోల్ లీడర్ — ఎడమ జేబు మీద రెండు గీతలు. ముందు నడుస్తుంది.

సెకండ్ — ఒక గీత. వెనక నడుస్తుంది. లీడర్ లేనప్పుడు లీడర్. లీడర్ ఉన్నప్పుడు ఎవరూ కాదు.

(ఆ చివరి ముక్క నాది. పరీక్షలో రాయకూడదు.)

మందారం పెట్రోల్‌కి లీడర్ కీర్తన, సెకండ్ నేను. ఆరో క్లాసు నుంచి ఒకే బెంచీ. వచ్చే నెల చల్లపల్లి దగ్గర క్యాంపు. అందులో గట్టెక్కితే రాజ్య పురస్కార్... గవర్నర్ గారి సంతకంతో సర్టిఫికెట్. నాకు వస్తే సంతోషం. కీర్తనకి మాత్రం రాకపోతే బతుకు లేదన్నట్టే. దానికోసం డాన్స్ క్లాసు కూడా మానేసింది.

బౌలైన్ ముడి మళ్ళీ మర్చిపోయాను. మంచం కోడుకి వేసి చూస్తుంటే నాన్న, "ఏం తల్లీ, మంచం పారిపోతోందా?" అన్నారు.

జనవరి 21, బుధవారం

గ్రౌండ్ వెనక లాషింగ్ ప్రాక్టీసు. కర్రల్ని తాడుతో బిగించి కట్టడం. మిగతా నలుగురూ నీళ్ళకి వెళ్ళారు. కీర్తనా నేనే ఉన్నాం. "ఆ చివర గట్టిగా లా—" అంది. అంతే. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూడట్లేదు. కుడి చెయ్యి కొట్టుకోవడం మొదలైంది, తర్వాత ఒళ్ళంతా. కర్రల మీదికే పడిపోయింది.

నాకు ఫస్ట్ ఎయిడ్ బ్యాడ్జి ఉంది. చొక్కా చేతి మీద అందరికీ కనపడేలా కుట్టించుకున్నాను. మరి నేనేం చేశాను? సైకిల్ తాళాలు తీసి దాని పిడికిట్లో పెట్టాను! ఇనుము పట్టుకుంటే తగ్గుతుందని నాయనమ్మ అంటుంది కదా... అదొక్కటే గుర్తొచ్చింది. ఆ తర్వాత గుర్తొచ్చాయి అసలువి. కర్రలు పక్కకి లాగేశాను. స్కార్ఫ్ వదులు చేశాను. ఒళ్ళు ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టాను.

ఎంతసేపో తెలీదు. టైము చూడాలని కూడా పుస్తకంలో ఉంది. చూడలేదు.

లేచాక నీళ్ళు అడగలేదు. ఏమైందనీ అడగలేదు. "ఎవరన్నా చూశారా?" — మొదటి మాట అది.

"చెప్పకే హారికా. మా అమ్మకి తెలిస్తే క్యాంపు లేదు, ఏం లేదు. గైడ్ మాట ఇవ్వు."

ఎడమ చెయ్యి చాపింది. మేము చెయ్యి కలిపేది ఎడమదే. పూర్వం యోధులు డాలు కింద పెట్టి ఆ చెయ్యి ఇచ్చేవాళ్ళట, నిన్ను నమ్మాను అని. ఓరల్స్‌లో రెండు మార్కుల ప్రశ్న.

ఇచ్చాను.

జనవరి 22

గైడ్ లాలో మొదటి నియమం: గైడ్ నమ్మదగినది. పొద్దున్న అందరితోపాటు గట్టిగా చెప్పాను.

జనవరి 24, శనివారం

ఇది రెండోసారట.

మొదటిది దసరా సెలవుల్లో, బాత్‌రూమ్‌లో. నుదుటి మీద ఆ దెబ్బ. జారిపడ్డానని చెప్పింది, నేను నమ్మేశాను. పైగా "చూసుకుని నడవచ్చుగా" అని క్లాసు పీకాను.

గుణదల కొండ మెట్ల దగ్గర కూర్చుని చెప్పింది ఇదంతా, మరమరాలు తింటూ, ఎవరి సంగతో చెప్తున్నట్టు. "నీరసమేనే. ఖర్జూరాలు తింటున్నాగా." ఖర్జూరాలు!

డాక్టర్‌కి చూపించుకో అన్నాను. "క్యాంపు అయ్యాక అమ్మకి నేనే చెప్తా. ఒట్టు. ఇప్పుడు చెప్తే ఏమవుతుందో నీకు తెలీదా?" తెలుసు. మా వీధిలో ఆ జబ్బు పేరే ఎవరూ గట్టిగా అనరు. ఫలానా వాళ్ళమ్మాయికి 'అదుంది' అంటారు, అంతే. దాని మాటా తప్పు కాదు. నా భయమూ తప్పు కాదు. రెండూ ఒకే బుర్రలో పెట్టుకుని తిరగడం నా వల్ల కావట్లేదు.

జనవరి 26

పెరేడ్. కీర్తన ముందు, నేను వెనక. ఎండ. "సావధాన్" అంటే కదలకూడదు, రెప్ప కూడా. అందరూ జెండా చూస్తున్నారు. నేను దాని కుడి చెయ్యి చూస్తున్నాను. ఒకసారి వేళ్ళు కదిలినట్టు అనిపించి వరస దాటి అడుగు ముందుకేశాను. చూస్తే చెమట తుడుచుకుంటోంది.

తేజు నవ్వింది. మా పెట్రోల్‌లో అందరికంటే చిన్నది, నవ్వడానికి మాత్రం ముందుంటుంది. సుజాత మేడమ్, "సెకండే వరస తప్పితే ఎలాగమ్మా?"

జనవరి 29, గురువారం

క్యాంపులో ఏమేం ఉంటాయో మేడమ్ చెప్పారు. వంట, ట్రాకింగ్ — అంటే నేల మీద గుర్తులు చూసుకుంటూ దారి పట్టుకోవడం, చివర్న రోప్ బ్రిడ్జి. మూడు తాళ్ళు. కింద ఒకదాని మీద నడవాలి, పైన రెండు పట్టుకోవాలి. ఎక్కడ కడతారని అడిగింది నేనే. కాలువ మీదట. నీళ్ళు వదిలే ఉంటాయట.

"ముందు లీడర్ దాటాలి. తర్వాత పెట్రోల్. చివర్న సెకండ్."

కీర్తన మొహం వెలిగిపోయింది. నేను గోడవైపు తిరిగాను.

అంటే అది తాడు మీద సగంలో ఉన్నప్పుడు నేను ఒడ్డున, నలుగురి వెనకాల. చేతిలో తాళాలగుత్తి పెట్టడానికి కూడా అందను.

జనవరి 31

దాన్ని ఎన్నిసార్లు అడిగానో. రోప్ బ్రిడ్జి ఒక్కటీ మానెయ్, జ్వరమని చెప్పు, నేను దాటతాను. ఇవాళ నా మీద విసుక్కుంది. "నువ్వు నన్ను చూసే చూపు మారిపోయిందే. నర్సులా చూస్తున్నావ్."

నిజమే.

ఫిబ్రవరి 2, సోమవారం

అమ్మ కుట్టు మిషను దగ్గర కూర్చుంది. చెప్పేద్దామని వెళ్ళాను. "అమ్మా, ఒకమ్మాయికి..." అన్నాను. పాదం ఆపింది. మిషను ఆగింది. "ఎవరి పిల్ల?" — వెంటనే, అదే. నాయనమ్మ కూడా టీవీ సౌండు తగ్గించింది.

"సీరియల్లోనే" అన్నాను.

ఇద్దరూ మళ్ళీ పనిలో పడ్డారు. అమ్మ చెడ్డదేం కాదు. కానీ కీర్తన వాళ్ళమ్మ బ్లౌజులు మా ఇంట్లోనే కుట్టించుకుంటుంది. ఆవిడ కొలతలతో పాటు ఈ మాటా ఈ గదిలో నలుగురి చెవిన పడుతుంది.

ఫిబ్రవరి 3

కోర్ట్ ఆఫ్ ఆనర్ — ట్రూప్‌లోని నాలుగు పెట్రోళ్ళ లీడర్లు కూర్చుని నిర్ణయాలు తీసుకునేది. మేడమ్ ఉంటారు, ఓటుండదు. అక్కడ అనుకున్నది గది దాటకూడదు. సెకండ్లకి చోటు లేదు, తమ లీడర్ రాకపోతే తప్ప.

నాలుగుసార్లు చదివాను. గది దాటకూడదు. అక్కడ చెప్తే బయట చెప్పినట్టు కాదేమో... మేడమ్‌కి తెలుస్తుంది, వీధికి తెలీదు. కానీ ఆ కోర్టుకి పెద్ద కీర్తనే. దాని ఎదురుగా నాకు కుర్చీయే లేదు.

ఫిబ్రవరి 5, గురువారం

దేవుడు ఉన్నాడా, నాతో ఆడుకుంటున్నాడా?

లంచ్‌లో కీర్తన: "రేపు కోర్టుకి నేనుండనే. మా మావయ్య వస్తున్నాడు, గన్నవరం వెళ్ళాలి. నా బదులు నువ్వు కూర్చో. మన టెంట్ కాలువకి దగ్గర్లో అడుగు, మర్చిపోకు. గాలొస్తుంది."

తన కుర్చీ తనే నాకిచ్చింది.

సరే అన్నాను. దాని టిఫిన్ బాక్స్‌లో పులిహోర కూడా తిన్నాను. ఎలా తిన్నానో నాకే తెలీదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

చెప్పేశాను.

టెంట్ల సంగతి అయింది. వంట గిన్నెల సంగతి అయింది. తులసి పెట్రోల్ లీడర్ నజ్మా, "మందారం నుంచి ఇంకేమన్నా ఉందా?" అంది. కీర్తన కుర్చీలో నేను. లేచి నిలబడ్డాను. కోర్టులో లేవనక్కర్లేదు, అయినా లేచాను.

అంతా చెప్పాను. కర్రల మీద పడటం, దసరా సెలవులు, రోప్ బ్రిడ్జి. తాళాల సంగతి కూడా చెప్పాను, ఎందుకో. ఎవరూ నవ్వలేదు.

నజ్మా నెమ్మదిగా, "నిన్ను గైడ్ మాట ఇవ్వమందా?"

"ఇచ్చాను."

ఇక్కడ మాట గది దాటదు కదా మేడమ్, ఏదో ఒకటి చెప్పి దాన్ని ఆ తాడు ఎక్కనివ్వకండి చాలు అన్నాను. అప్పటిదాకా తల వంచుకుని ఉన్న మేడమ్ కళ్ళజోడు తీశారు.

"మిగిలినవన్నీ దాటవమ్మా. ఇది దాటాలి. ఇది ఒక్క తాడుతో పోయేది కాదు. వాళ్ళమ్మకి నేను చెప్పాలి."

"మరి రూల్?"

"రూల్ తప్పుతున్నాను. మీ నలుగురి ముందే చెప్పి తప్పుతున్నాను."

నా పేరు చెప్పకండి అని బతిమాలాను. చెప్పనన్నారు. తలుపు దాకా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "కానీ తెలుస్తుంది తల్లీ. నువ్వు తప్ప ఎవరూ చూడలేదుగా."

ఆ ముక్క నాకు ముందే ఎందుకు తట్టలేదు!

టెంట్ మాత్రం అడిగాను. కాలువకి దగ్గర్లో. ఇచ్చారు.

ఫిబ్రవరి 7

ఫోన్ చూస్తున్నాను. పెడుతున్నాను. చూస్తున్నాను.

ఫిబ్రవరి 9, సోమవారం

గుణదల మాత ఉత్సవం. మైకులు, జనం, స్కూలు బస్సు కదలడానికే చోటు లేదు. కీర్తన బడికి రాలేదు. వాళ్ళమ్మ పొద్దున్నే కొండెక్కిందని, మొక్కుకుందని ఎవరో అన్నారు. ఏం మొక్కుకుందో నాకొక్కదానికే తెలుసు.

మధ్యాహ్నం మేడమ్ పిలిచారు. శనివారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారట. స్కాన్ తీశారు. మందులు మొదలుపెట్టారు. వాడితే మామూలుగానే ఉంటుందట, చదువుకీ ఆటలకీ దేనికీ అడ్డు లేదట. కాకపోతే కొన్నాళ్ళు నీళ్ళ దగ్గరికీ ఎత్తు మీదికీ వద్దన్నారు.

ఎంత ఊపిరి వదిలానో. బతికే ఉంది, మందులున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను.

అప్పుడు మేడమ్: "క్యాంపులో మందారానికి నువ్వే లీడర్‌వి. రెండో గీత కుట్టించుకో."

ఇదా. ఇది కూడానా.

నాకు ఇది తట్టనే లేదు అని ఇక్కడ రాసుకోవాలని ఉంది. తట్టలేదు. నిజంగా తట్టలేదు. కానీ చదివేవాళ్ళు ఎవరు నమ్ముతారు? నేనే నమ్మేలా లేను.

ఫిబ్రవరి 10

తేజు, బూటు లేసు కట్టుకుంటూ, తల ఎత్తకుండా: "అయితే ఇక నువ్వే లీడర్‌వన్నమాట."

ఈసారి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అదే రోజు, సాయంత్రం

కీర్తన నుంచి మెసేజ్. ఒక్క మాట. "నువ్వేనా?"

మేడమ్‌కి ఎలా తెలిసిందో నాకేం తెలుసు అని టైప్ చేశాను. తుడిచేశాను. నీ మంచికే అని టైప్ చేశాను. అది ఇంకా అసహ్యంగా ఉంది. తుడిచేశాను. చివరికి "అవును" అని పంపాను.

చూసింది. నీలం టిక్కులు పడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

ఫిబ్రవరి 11

ఏమీ లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

యూనిఫాం ఇస్త్రీ. మేడమ్ చెప్పారట, అమ్మ రెండో గీతకి టేపు కత్తిరించి పెట్టింది. సంబరంగా ఉంది ఆవిడకి. "లీడర్ అయ్యావని ముందే చెప్పొచ్చుగా! మీ నాన్న షాపులో అందరికీ చెప్పేశారు."

"నేను కుట్టుకుంటాలే అమ్మా" అన్నాను. మేము ఎవరి బ్యాడ్జీలు వాళ్ళే కుట్టుకోవాలని అబద్ధం చెప్పాను. గైడ్ నమ్మదగినది!

టేపు మిషను సొరుగులోకి తోసేశాను. ఒక గీతతోనే వెళ్తాను. కీర్తన గీత కీర్తనకే ఉంటుంది. నేను సెకండ్‌ని, అంతే. ఇలాగైతే ఎవరూ ఏమీ అనలేరు.

ఆ నీలం టిక్కులు మళ్ళీ చూశాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం. బస్సులో

రోడ్డు కుదుపులకి రాత కొక్కిరిబిక్కిరి. రాయకపోతే ఏడ్చేలా ఉన్నాను, అందుకు.

కీర్తన వచ్చింది. వాళ్ళమ్మ స్కూటీ మీద. చుడీదార్లో ఉంది, బస్సు చుట్టూ ఉన్న యూనిఫాంలలో అదొక్కతే. చేతిలో మా పెట్రోల్ జెండా. లీడర్ ఇంట్లోనే ఉంటుంది కదా, ఇవ్వడానికి వచ్చింది. కర్రకి గట్టిగా చుట్టి రబ్బరు బ్యాండు వేసింది.

నేను దగ్గరికి వెళ్ళేలోపే ఆంటీ ఎదురొచ్చి నా గడ్డం పట్టుకున్నారు. "ఎంత మంచిపని చేశావమ్మా. నువ్వు చెప్పబట్టి సరిపోయింది." అందరి ముందూ! తేజు, నజ్మా, డ్రైవరు, అందరూ. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఏమనాలి ఆవిడని? కీర్తన ఆ వంక స్కూటీ అద్దంలోకి చూస్తూ నిలబడింది.

మొహం కాస్త ఉబ్బింది. మందులకో ఏడుపుకో.

ఏమీ తోచక ఎడమ చెయ్యి చాపాను. అలా ఉంచాను. మేడమ్ బస్సులోంచి పేర్లు పిలుస్తున్నారు. మందారం వంతు వచ్చేసింది.

కీర్తన నా చేతిని చూసింది. అందులో జెండా కర్ర పెట్టింది.

"తడవనీకు" అంది. వెళ్ళి స్కూటీ వెనక కూర్చుంది.

చెయ్యి నిండిపోయింది. మరి చెయ్యి కలిపినట్టా, కలపనట్టా? పామర్రు దాటాక కూడా ఆ కర్ర వదల్లేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి.

అదే రోజు, చల్లపల్లి

రిపోర్టింగ్. ప్రతి లీడరూ ఎగ్జామినర్ మేడమ్ ముందుకొచ్చి సెల్యూట్ చేసి చెప్పాలి. నా వంతు. "మందారం పెట్రోల్. ఐదుగురు హాజరు. లీడర్ సెలవు. సెకండ్ రిపోర్టింగ్."

ఆవిడ పెన్ను ఆపారు. "రేపు రోప్ బ్రిడ్జి మీద ముందు ఎవరు దాటతారు?"

"నేనే మేడమ్."

"అయితే లీడర్‌వి నువ్వే. జేబు మీద రెండో గీత ఏదమ్మా?"

లేదన్నాను. మా లీడర్ ఉంది, ఒంట్లో బాగాలేక రాలేదంతే, అన్నాను. ఆవిడ కోప్పడలేదు, అదే కష్టంగా ఉంది. "స్నేహం మంచిదే. కానీ లీడర్ లేని పెట్రోల్‌ని నేను తాడెక్కించను. పొద్దున్న ఇన్‌స్పెక్షన్‌కి రెండు గీతలతో రా. లేకపోతే నీతోపాటు ఈ నలుగురూ ఇంటికే."

వెనక్కి తిరిగితే తేజు కళ్ళు. దాని బూట్లకి కొత్త లేసులు. మిగతా ముగ్గురూ నన్నే చూస్తున్నారు. మూడేళ్ళు వాళ్ళూ ముళ్ళు వేశారు, ఎండలో నిలబడ్డారు. నా పట్టుదలకి ఖరీదు వాళ్ళు కట్టాలా?

టేపు గుణదలలో మిషను సొరుగులో ఉంది.

టెంట్ ముందు గేటు కట్టాం. జెండా ఎగరేయాలి. కాలువ పక్కనే. నిజంగానే గాలొస్తోంది. తాళ్ళు అప్పుడే కట్టేశారు, నీళ్ళ మీద ఊగుతున్నాయి. రబ్బరు బ్యాండు తీసి జెండా విప్పాను.

లోపల, మందారం బొమ్మ వెనక, పిన్నీసుతో గుచ్చి ఒక గీత. కొత్త టేపు కాదు. పాత కుట్టు చిల్లులున్నాయి. మూడేళ్ళ ఉతుకులకి వెలిసింది. దాని జేబు మీదిదే. రెండిట్లో ఒక్కటే పంపింది.

చీటీ ఏమన్నా ఉందేమోనని జెండా మొత్తం దులిపాను. లేదు. ఫోన్ చేద్దామంటే ఫోన్లన్నీ మేడమ్ సంచిలో.

నజ్మా సూదీ దారం ఇచ్చింది. టెంట్ గుమ్మంలో కూర్చున్నాను, చొక్కా ఒళ్ళో పెట్టుకుని. వెలుతురు ఇంకాసేపు ఉంటుంది. టేపుని దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాను, ఇంకా కుట్టకుండా. ఒక అంచున దారాలు శుభ్రంగా, కత్తెరతో కోసినట్టున్నాయి. రెండో అంచున పీకేసినట్టున్నాయి, గుడ్డ కూడా కాస్త చిరిగింది.

తేజు వచ్చి పక్కన కూర్చుంది. "దారం ఎక్కించి ఇవ్వనా అక్కా?" అంది.